తెగులు వచ్చి పోయిన గూటికి కొత్త కోళ్లను ఎలా చేర్చాలి?

ఇరవై కోళ్లు తిరిగిన పెరట్లో రెండు మూడే మిగిలితే ఇల్లు బోసిపోతుంది. అనంతపురం పల్లెల్లో చాలామంది ఆ వారమే సంతకు వెళ్లి నాలుగు పెట్టలు, ఒక పుంజు తెచ్చుకుంటారు. నేనూ ఒకసారి అలాగే తెచ్చాను. పది రోజులకే అవీ చనిపోయాయి. గూడు కడగకుండా, రోగమేదో తెలుసుకోకుండా తొందరపడ్డాను.

అందుకే మొదటి పని చావుకు కారణం తెలుసుకోవడం. ఆకుపచ్చగా పారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం కనిపిస్తే కొక్కెర తెగులు అనుకుంటాం. చూపుతో మాత్రం నిర్ధారించలేం. అప్పుడే చనిపోయిన కోడిని రెండు కవర్లలో చుట్టి, మంచుతో పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చనిపోయినా, ముఖం వాచి తురాయి నల్లబడినా వాటిని ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది; ఆ అనుమానం ఉన్నచోట సొంత వైద్యం పనికిరాదు.

రోగం పేరు తెలిస్తేనే మిగిలిన కోళ్ల సంగతి తేలుతుంది. కోరైజా (ముక్కు కారి ముఖం వాచే జబ్బు), పుల్లోరం (పిల్లలకు తెల్లగా పారే జబ్బు) వంటి వాటిలో బతికి బయటపడిన కోడి ఆరోగ్యంగా తిరుగుతూనే రోగాన్ని మోస్తుంది, కొత్తవాటికి అంటిస్తుంది. అలాంటప్పుడు పాతవాటిని పూర్తిగా తీసేయమని డాక్టరు చెప్పవచ్చు. పెంచిన చేతులకు అది కష్టమే, కానీ ఆ మాట వినండి.

చనిపోయినవాటిని లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చండి. దిబ్బ మీద పారేస్తే కుక్కలు ఊరంతా లాగుతాయి. గూటిలోని పెంట, పాత గడ్డి తీసి కాల్చండి. పెంట మీద ఎంత మందు చల్లినా పనిచేయదు, కాబట్టి ముందు గీకి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరాకే బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లాలి. మట్టి నేలైతే పైమట్టి ఎత్తిపోసి సున్నం వేయండి. గంపలు, నీళ్ల ముంతలు ఎండలో బోర్లించండి. చివరి కోడి చనిపోయిన నాటి నుంచి కనీసం నెల రోజులు కొత్త కోడిని తేవద్దు.

సంతలో పది ఊళ్ల కోళ్లు ఒకేచోట కలుస్తాయి. తెలిసిన ఇంటి నుంచి గాని, టీకాలు వేసే హేచరీ (పిల్లలను పొదిగించే కేంద్రం) నుంచి గాని కొనడం మేలు. వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటి పెంపకానికి సరిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో తేకండి. మన ఎండ 40 డిగ్రీలు దాటితే ప్రయాణానికే అవి సొమ్మసిల్లుతాయి.

తెచ్చినవాటిని నెల రోజులు దూరంగా, వేరే పాకలో ఉంచండి. మేత ముందు పాతవాటికి, తర్వాత కొత్తవాటికి వేయాలి. కొత్తవాటి దగ్గరకు వేరే చెప్పులు వాడండి. మొదటి వారంలో నట్టల మందు తాగించి, ఆ తర్వాత వారం గడిచాక, ఎనిమిది వారాల వయసు దాటినవాటికి కొక్కెర తెగులు రాకుండా ఆర్‌టూబీ టీకా వేయించండి. ఆరోగ్యంగా ఉన్న పాతవాటికీ అదే రోజు వేయించాలి. సీసాలో ఎక్కువ మోతాదులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. అందుకని నాలుగిళ్ల వాళ్లు కలిసి, మంచు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చుకోండి. టీకా బలం రావడానికి రెండు వారాలు పడుతుంది.

చివరి వారంలో ఒక పాత కోడిని కొత్తవాటితో ఉంచి చూడండి. ఎవరి నుంచి ఎవరికి రోగం అంటినా చాలావరకు అక్కడే బయటపడుతుంది. ఏమీ కాకపోతే మధ్యలో వల కట్టి, కొన్నాళ్లు రెండు మందలనూ ఒకదానికొకటి కనిపించేలా తిప్పండి. ఆ తర్వాత ఒక రాత్రి, పాతవి కర్ర మీద నిద్రపోయాక, కొత్తవాటిని పక్కన కూర్చోబెట్టండి. తెల్లవారాక పొడుచుకోవడం మామూలే. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెడితే బలహీనమైనది పస్తుండదు. రక్తం కారిన కోడిని మాత్రం వెంటనే గంప కింద వేరుచేయండి, ఎరుపు చూస్తే మిగతావి వదలవు.