పాఠం 4: 24 వోల్టుల బండిలో 12 వోల్టుల సామాను

పాత సైన్యం అంబులెన్సును క్యాంపర్‌గా, అంటే లోపల ఉండి తిరిగే బండిగా, మార్చే ఈ పాఠాల్లో ఈసారి పైకప్పు ఇన్సులేషన్ చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి జరిగింది. కారణం, మూడో పాఠంలో నేను విప్పి చెప్పకుండా వదిలేసిన ఒక్క వాక్యం: "వైరింగ్ సరిచూసుకోవడానికి ఒక 12 వోల్టుల బల్బు దగ్గర పెట్టుకోండి." ఆ 12 వోల్టులు ఎక్కడి నుంచి తేవాలో రాయలేదు. చదివినవాళ్లలో చాలామంది రెండు బ్యాటరీల్లో ఒకదాని మీద క్లిప్పులు తగిలించారు. బల్బుతో ఆగి ఉంటే పోయేదేం లేదు. తర్వాత ఫోను చార్జరు, ఫ్యాను, చివరికి ఫ్రిజ్ కూడా అక్కడికే చేరాయి. మూడు వారాలయ్యాక సెల్ఫ్ కొడితే "టక్" మని ఒక్క శబ్దం, అంతే.

మనం తీసుకున్న బండి జర్మన్ సైన్యం అంబులెన్సుగా నడిపిన యూనిమోగ్ 435, అంటే యూ 1300 ఎల్. ఆరు సిలిండర్ల ఓఎం 352 డీజిల్ ఇంజను, దాదాపు 5.7 లీటర్లు. కరెంటు మొత్తం 24 వోల్టులు: రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. మొదటిదాని నెగటివ్ ఛాసీకి వెళ్తుంది. దీన్ని కింది బ్యాటరీ అందాం. దాని పాజిటివ్ రెండోదాని నెగటివ్‌కు వెళ్తుంది. ఆ రెండోది పై బ్యాటరీ. పెట్టెలో రెండూ పక్కపక్కనే కూర్చుని ఉన్నా పేర్లు మాత్రం ఇవే.

కింది బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగడం మనవాళ్లకు కొత్త కాదు. మన రోడ్ల మీద 24 వోల్టుల లారీల్లో పాటల సిస్టమ్‌కు వైరు వెళ్లేది చాలాసార్లు అక్కడి నుంచే. "వాళ్లకు నడుస్తోంది కదా" అనొద్దు. లారీ రోజూ గంటల తరబడి తిరుగుతుంది, పాటలకు పట్టేది కొంచెం, బ్యాటరీ పోయినా అది మామూలు ఖర్చు కిందే పోతుంది. క్యాంపర్ అలా కాదు. నాలుగు రోజులు ఒకేచోట నిలబడుతుంది, ఐదో రోజు ఏ కొండ మీదో చలిలో స్టార్ట్ కావాలి.

లెక్క చూడండి. ఫ్రిజ్ సగటున 4 ఆంపియర్లు లాగుతోంది, రాత్రి 10 గంటలు. కింది బ్యాటరీలోంచి 40 ఆంపియర్ అవర్లు పోయాయి, పైదానిలోంచి ఒక్కటీ పోలేదు. పొద్దున ఇంజను వేశారు. రెండూ వరసలో ఉన్నాయి కాబట్టి ఇంజను తిప్పే కరెంటు యంత్రం, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ఆంపియర్లు రెండింటి గుండా సమానంగానే పోతాయి. ఆకలి మాత్రం ఒకదానికే. పైది ముందే నిండి ఉంది. ఇంకా పోస్తుంటే దాని వోల్టేజి ఎగబాకుతుంది. ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరుకు ఇవేవీ తెలియవు. అది చూసేది మొత్తాన్నే, 28.2 చేరగానే బిగించేస్తుంది. ఆ 28.2లో పైది 15.2 తీసుకుంటే కిందిదానికి మిగిలింది 13.0. నిండాలంటే కిందిదానికి 14 పైన కావాలి, అది అందదు. పైది 14.4 దాటాక నీళ్లు మరిగిస్తూ గ్యాసు వదులుతుంది, ప్లేట్లు తినేసుకుంటుంది. ఒకటి ఆకలితో, ఇంకొకటి అజీర్తితో, రెండూ ఒకే నెలలో పోతాయి. ఆ గ్యాసు హైడ్రోజన్. బ్యాటరీ పెట్టె మూత తీసి స్పానరుతో నిప్పురవ్వ రేపకండి.

ఇది కనబడకుండా దాక్కునే చోటు మీటరే. బ్యాటరీలు నిలకడగా ఉన్నప్పుడు రెండింటి చివరలకు మీటరు పెడితే 24.4 చూపిస్తుంది, "ఫర్వాలేదు, సగం పైనే ఉంది" అనుకుంటారు. విడివిడిగా చూస్తే పైది 12.9, కిందిది 11.5. 12.0 కిందికి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. మొత్తం వోల్టేజి ఒక్కటే కొలిచి వదిలేసినవాళ్లు ఏమీ కొలవనట్టే లెక్క.

ఇప్పుడు సాకులు. "వారానికోసారి రెండూ మార్చి పెడతాను": మార్చిన రోజు నుంచి కొత్తగా కిందికొచ్చిన దాని వంతు మొదలవుతుంది, మీరు రెండింటినీ వంతులవారీగా పాడు చేస్తున్నారు. "నాది చిన్న లోడే": యూఎస్‌బీ సాకెట్టు అర ఆంపియరు లాగినా రోజుకు 12 ఆంపియర్ అవర్లు. రేడియో గడియారానికి 20 మిల్లీ ఆంపియర్లు ఏపాటి అంటారా, నెలకు దాదాపు 15 ఆంపియర్ అవర్లు, అదీ బండి కదలని శీతాకాలంలో. "బ్యాలెన్సర్ పెట్టాను": విక్ట్రాన్ కంపెనీ చిన్న బ్యాలెన్సర్ మళ్లించేది గరిష్ఠంగా 0.7 ఆంపియరు, అదీ మొత్తం 27.3 వోల్టులు దాటాకే. పైన చెప్పిన 40 ఆంపియర్ అవర్ల తేడాను అది సర్దాలంటే 57 గంటలు బండి నడపాలి. అది చేసింది రెండు ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీల మధ్య సన్నటి తేడాను సర్దడానికి, ఫ్రిజ్ మోయడానికి కాదు. బస్సుల్లో వాడే పదుల ఆంపియర్ల ఈక్వలైజర్ అయితే ఈ పని నిజంగా చేస్తుంది, కానీ ఆ డబ్బుతో సరైన పద్ధతే వస్తుంది. పైగా ఈ రెండూ ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీలే. ఫ్రిజ్, లైట్ల లాంటి నివాసం లోడు వాటి మీద పెట్టడమే మొదటి తప్పు.

ఇప్పటికే ఆ పని చేసినవాళ్లు: రెండింటినీ కలిపే అడ్డ వైరు తీసేయండి. విప్పడంలో మొదటిది ఎప్పుడూ ఛాసీ నెగటివే, బిగించడంలో చివరిది కూడా అదే. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి వెల్డింగ్ అవుతుంది. ఒక్కోదాన్నీ 12 వోల్టుల చార్జరుతో విడిగా, పూర్తిగా నింపండి. ఒక రోజు ఊరికే ఉంచి కొలవండి. 12.6 పైన నిలబడితే బతికింది. మూతలు ఊడే బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు పెట్టండి: యూరప్ బ్యాటరీలో నిండు సెల్లు 1.28 దగ్గర చూపిస్తుంది, ఏ సెల్లయినా మిగతావాటికంటే 0.03 తగ్గితే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోండి. ఒకటి పోతే రెండూ మార్చాలి. ఒక కొత్తది, ఒక పాతది కలిపితే ఇదే కథ మళ్లీ మొదలు.

ఇక సరైన పద్ధతి. రెండు దారులున్నాయి: నివాసం మొత్తం 12 వోల్టులు, లేదా నివాసం కూడా 24. నా ఓటు 24కే. వాట్లు అవే అయితే ఆంపియర్లు సగం, వైరు సన్నం. బండి పెట్టె చివరన ఉన్న 60 వాట్ల ఫ్రిజ్ తీసుకోండి, బ్యాటరీకి 6 మీటర్ల దూరం, రానూపోనూ 12. 12 వోల్టుల్లో 5 ఆంపియర్లు, 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరులో 0.71 వోల్టు పోతుంది, అంటే 6 శాతం. 2.5 వైరు వేసినా 0.43. అదే 24 వోల్టుల్లో 1.5 వైరులో పోయేది 0.36, ఒకటిన్నర శాతం. సూత్రం ఇదే: ఆంపియర్లు × మొత్తం పొడవు × 0.0178, దాన్ని స్క్వేర్ ఎం.ఎం.తో భాగించండి. 3 శాతం దాటనివ్వకండి. సామాను దొరకదన్న భయం అక్కర్లేదు: బీడీ 35 ఎఫ్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ 12, 24 రెండింటి మీదా నడుస్తుంది; డీజిల్ హీటరు, నీళ్ల పంపు, ఎల్‌ఈడీ పట్టీ అన్నీ 24కు దొరుకుతాయి.

నివాసానికి విడిగా 8 సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 25.6 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే 2,560 వాట్ అవర్లు. దాన్ని లోపలే, వెచ్చగా ఉండేచోట పెట్టండి; 0 డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్లులు శాశ్వతంగా దెబ్బతింటాయి, జర్మనీ జనవరిలో అది ఊహ కాదు. ఇంజను బ్యాటరీల నుంచి దీన్ని నింపడానికి 24 నుంచి 24 డీసీ-డీసీ చార్జరు. ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న ఆంపియర్లలో సగానికి మించి లాగే చార్జరు కొనకండి, వేడికి డయోడ్లు పోతాయి. చార్జరుకు రెండు వైపులా ఫ్యూజు, బ్యాటరీకి జానెడు దూరం లోపలే. లిథియం వైపు క్లాస్-టీ ఫ్యూజు పెట్టండి. షార్టు అయితే ఆ బ్యాటరీ తోసే కరెంటును చవక ఫ్యూజు ఆపలేదు. 12 తప్పనిసరైన వస్తువులకు 24 నుంచి 12కు దించే 20 ఆంపియర్ల కన్వర్టరు ఒకటి, దానికి స్విచ్చి.

12 వోల్టుల రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, 24 మీద కాయిల్ కాలి చస్తుంది. డ్యాష్‌బోర్డు మీది సిగరెట్టు సాకెట్టులో వచ్చేది కూడా 24. టైరు పంపు అందులో గుచ్చకండి. నాటో సాకెట్టు, ఆ కూటమి ప్రమాణం స్టానాగ్ 4074 ప్రకారం చేసిన లావుపాటిది, అదీ 24. దాంతో పక్కవాడి కారుకు జంప్ ఇవ్వకండి. లోపల నేను 24కు ఎరుపు-నలుపు, 12కు పసుపు-నలుపు వాడతాను, సాకెట్టు రకాలు కూడా వేరు. వైరు చివరలకు నొక్కి బిగించే క్రింపింగ్ లగ్గులే, టంకం వద్దు. అదిరే బండిలో టంకం ఆగినచోటే వైరు తెగుతుంది.

బ్యాటరీ మెయిన్ స్విచ్చి తిప్పితే ఇంజను ఆగుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఓఎం 352కు మెకానికల్ డీజిల్ పంపు, కరెంటు లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. నడుస్తుండగా స్విచ్చి తీస్తే బ్యాటరీ ఆధారం పోయిన ఆల్టర్నేటర్ వోల్టేజి ఎగిరి రెగ్యులేటరును కాలుస్తుంది. ముందు ఇంజను ఆపండి, తర్వాత స్విచ్చి.

"బ్రేకు లైట్లు పోయాయి, ఏ వైరు తెగిందో" అని బోర్డు మొత్తం విప్పినవాళ్లకు ఒక మాట: బ్లాకౌట్ లైట్ల గుండ్రటి స్విచ్చి ఏ స్థానంలో ఉందో చూశారా? సైన్యం రాత్రి కాన్వాయ్ కోసం పెట్టినది అది. ఆ స్థానంలో ఉంటే మామూలు లైట్లు, బ్రేకు లైట్లు రావు. మీ వైరింగ్‌లో తప్పేమీ లేదు.

అభ్యాసం. ఏడు రోజులు, రోజుకు రెండుసార్లు: పొద్దున ఇంజను వేయకముందు, తర్వాత ఇంజను 20 నిమిషాలు నడిచాక నడుస్తుండగానే. ప్రతిసారీ కింది బ్యాటరీ, పై బ్యాటరీ, మొత్తం, మూడూ కొలిచి కాగితం మీద రాయండి. మొత్తం 28 చుట్టూ ఉండి, రెండింటి మధ్య తేడా 0.3 దాటితే ఏదో ఒకటి ఇంకా మధ్యలోంచి లాగుతూ ఉండొచ్చు. అడ్డ వైరు మీద మూడో లగ్గు ఉందేమో వెతకండి, పాత యజమాని పెట్టినదైనా కావచ్చు. దాంతోపాటు మీ లోడు పట్టిక: ఒక్కో వస్తువు వాట్లు, రోజుకు నిజంగా నడిచే గంటలు. ఫ్రిజ్ 45 వాట్లు అయితే 40 శాతం సమయమే తిరుగుతుంది కాబట్టి 432, హీటరు 20 వాట్లు 10 గంటలు 200, లైట్లు 75, ల్యాప్‌టాప్, ఫోన్లు 150, పంపు 12: మొత్తం 869 వాట్ అవర్లు. 2,560లో 80 శాతమే వాడుకుంటే రెండు రోజుల పైచిలుకు వస్తుంది. డీజిల్ హీటరును రాజేసే గ్లో ప్లగ్గు వేడెక్కే మొదటి నిమిషాల్లో లాగే ఆంపియర్లు దాని పుస్తకంలో చూసి, ఫ్యూజు ఆ అంకెకు వేయండి, 20 వాట్లకు కాదు. హీటరును ఆపేటప్పుడు దాని స్విచ్చితోనే ఆపండి. మెయిన్ తీసేస్తే ఫ్యాను చల్లార్చకుండానే ఆగిపోయి లోపల వేడికి పాడవుతుంది. ఈ రెండు కాగితాలూ పూర్తయ్యాకే ఐదో పాఠం తెరవండి. ఇన్సులేషన్ మందం తేల్చేది హీటరు గంటలే.