చేతితో చేసిన అకూస్టిక్ గిటార్‌కు నెక్, ఫ్రెట్‌బోర్డ్ ఎలా బిగించాలి?

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ తొలిచి చేస్తారు కనుక, కుండకు దండిని అతకాల్సిన బాధ అక్కడి పనివారికి ఉండదు. మెట్లు కూడా మైనంలో కూర్చుంటాయి కాబట్టి స్థానం తప్పితే ఆ మైనాన్ని కరిగించి మళ్ళీ అమర్చుకోవచ్చు. గిటార్‌కు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. దాని పెట్టె వేరు, వీణ దండి లాంటి నెక్ వేరు. మెట్లు, అంటే ఫ్రెట్లు, నెక్ మీద అతికే పలక అయిన ఫ్రెట్‌బోర్డ్ గాట్లలో ఒకసారి దిగితే అక్కడే ఉండిపోతాయి. పైగా ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో ఏళ్ళ తరబడి నెక్‌ను ముందుకు లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడుకు పెట్టె పైపలక, తీగలు కట్టే బ్రిడ్జ్ వెనుక కొద్దిగా ఉబ్బుతుంది, తీగలు ఫ్రెట్‌బోర్డ్ నుంచి పైకి లేస్తాయి, అప్పుడు నెక్ కోణాన్ని మళ్ళీ సరిచేయక తప్పదు. అందువల్ల అతుకు ఎంత గట్టిగా ఉండాలన్న దానికంటే, కోణం ఎంత కచ్చితంగా ఉండాలి, రేపు అతుకును విప్పగలమా లేదా అన్న ప్రశ్నలే ముఖ్యమని నా అభిప్రాయం.

ఏ అతుకు ఎంచుకోవాలి?

19వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆంటోనియో దె తోర్రెస్ తీర్చిదిద్దిన క్లాసికల్ గిటార్ సంప్రదాయంలో పక్క చెక్కలను నెక్ మడమలోనే (పెట్టెతో కలిసే చోట ఉండే మందపాటి భాగంలో) కోసిన గాట్లలో దూర్చి, గిటార్‌ను దాని చుట్టూ కడతారు. నైలాన్ తీగల లాగుడు తక్కువ కనుక అక్కడ అది చక్కగా సరిపోతుంది గాని, అలా కట్టిన నెక్‌ను ఊడదీయడం దాదాపు అసాధ్యం. 1833లో అమెరికాలో మొదలైన మార్టిన్ కంపెనీ గిటార్లకు పేరు తెచ్చినది డవ్‌టెయిల్, అంటే పావురం తోక ఆకారంలో ఉండే అతుకు. దీన్ని విప్పాలంటే 15వ ఫ్రెట్‌ను పీకి, దాని గాటులో సన్నని రంధ్రం వేసి, లోపలికి ఆవిరి పంపించి జిగురును మెత్తబరచాలి. మూడోది బోల్టు పద్ధతి. టేలర్ కంపెనీ 1999లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళి, లెక్క ప్రకారం కోసిన పలుచని పలకలను మార్చడం ద్వారానే కోణాన్ని సరిదిద్దే నెక్‌ను తెచ్చింది. డవ్‌టెయిల్‌కే నాదం బాగుంటుందని కొందరు గట్టిగా వాదిస్తారు. నా చెవులకు మాత్రం ఆ తేడా ఎన్నడూ తెలియలేదు. మొదటి గిటార్ చేసేవారు బోల్టు పద్ధతినే ఎంచుకోవడం మేలు. ఈ కింది కొలతలు 645 మి.మీ. స్కేలు పొడవు (తల వైపు తీగలు ఆనే నట్ నుంచి, బ్రిడ్జ్ మీద అవి ఆనే శాడిల్ వరకు ఉండే దూరం) ఉండి, 14వ ఫ్రెట్ దగ్గర పెట్టెతో కలిసే ఉక్కు తీగల గిటార్‌కు వర్తిస్తాయి.

గాడి, నాలుక

1. పెట్టె లోపల నెక్ కలిసే చోట ఉండే దిమ్మ, అంటే నెక్ బ్లాకులో మధ్యరేఖకు ఇరువైపులా సమానంగా ఉండేలా 19 మి.మీ. వెడల్పు గాడి తీయాలి. నెక్ మడమకు ఆ గాడిలో దూరే నాలుకను కోసి, ఇరువైపులా ఒక కాగితం పట్టేంత వదులు ఉంచాలి. నాలుక బిగుతుగా ఉంటే తరువాత నెక్‌ను కుడి ఎడమలకు సర్దలేము.

2. నాలుకలో రెండు 6 మి.మీ. బోల్టులు దిగాలి. నెక్ చెక్కలో నార పొడవునా సాగుతుంది, బోల్టు కూడా అదే దిశలో దిగుతుంది కనుక ఆ చెక్కలో మర గట్టిగా పట్టదు. అందుచేత నాలుకకు అడ్డంగా గట్టి కర్రతో చేసిన గుండ్రటి కడ్డీని జిగురుతో దించి, లోపల మరలు ఉన్న ఇత్తడి ఇన్సర్ట్‌లను ఆ కడ్డీలోకి ఎక్కించాలి. నెక్ బ్లాకులో రంధ్రాలను మాత్రం 7 మి.మీ. వేస్తే సర్దుబాటుకు చోటు మిగులుతుంది.

కోణం

3. నెక్‌ను జిగురు లేకుండా బోల్టులతో బిగించి, ఫ్రెట్‌బోర్డ్ ఇంకా ఎక్కని దాని పైతలం మీద పొడవాటి, తిన్నని ఉక్కు స్కేలు పెట్టి, అది బ్రిడ్జ్ రావలసిన చోట పైపలకకు ఎంత ఎత్తున ఉందో చూడాలి. బ్రిడ్జ్ ఎత్తు 9.5 మి.మీ. అనుకుందాం. ఫ్రెట్‌బోర్డ్ మందం 6, ఫ్రెట్ ఎత్తు 1 కలిపి 7 అవుతుంది కనుక ఆ ఖాళీ 2.5 మి.మీ. ఉండాలి. 2.5 మి.మీ. డ్రిల్ బిట్‌ను స్కేలు కింద దొర్లిస్తే, అది పైకీ కిందికీ ఆడకుండా రెంటినీ తాకుతూ జారినప్పుడు కొలత కుదిరినట్టు. డిగ్రీల లెక్కలతో కుస్తీ పట్టడం కంటే ఇది నమ్మదగిన పద్ధతి.

4. ఖాళీ తక్కువగా ఉంటే నెక్‌ను వెనక్కు వంచాలి, అంటే మడమ బుగ్గల (నాలుకకు ఇరువైపులా పెట్టెకు ఆనే తలాల) కింది కొస దగ్గర చెక్కను తగ్గించాలి. ఎంత తగ్గించాలో లెక్క వేసుకోవచ్చు: మడమ ఎత్తు 90 మి.మీ., అతుకు నుంచి బ్రిడ్జ్ శాడిల్ వరకు సుమారు 287 మి.మీ. కనుక, బ్రిడ్జ్ దగ్గర 1.5 మి.మీ. పెరగాలంటే మడమ అడుగున అర మి.మీ. కన్నా కాస్త తక్కువ పోతే చాలు. ఇంత సన్నని పనికి ఉలి పనికిరాదు. రెండు వేళ్ళ వెడల్పు శాండ్‌పేపర్ ముక్కను గరుకు వైపు మడమకు ఆనేలా మధ్యలో దూర్చి, నెక్‌ను పెట్టెకు అదిమి పట్టుకుని, ముక్కను నెమ్మదిగా బయటికి లాగాలి. అడుగు కొస దగ్గర ఎక్కువ లాగులు, పైకి వెళ్ళే కొద్దీ తక్కువ లాగులు. ఒక బుగ్గకు పది లాగితే రెండో దానికీ పదే లాగాలి, లేకపోతే నెక్ పక్కకు తిరిగిపోతుంది.

5. పక్కకు తిరిగిందా లేదా అన్నది చూడటానికి నెక్ రెండు అంచుల వెంబడి స్కేళ్ళు పెట్టి బ్రిడ్జ్ దాకా చాచి, వాటి కొసలు మధ్యరేఖకు సమాన దూరంలో పడుతున్నాయో లేదో కొలవాలి. తేడా ఉంటే, నెక్ ఏ వైపుకు తిరగాలో ఆ వైపు బుగ్గను మాత్రమే రుద్దాలి.

ఫ్రెట్‌బోర్డ్

6. ఎబొనీ గాని, మనవైపు ఇరుగుడు అని పిలిచే రోజ్‌వుడ్ గాని తీసుకుని, గాట్లు కోసి, అంచులు సన్నబరచి సిద్ధం చేసుకోవాలి. నెక్ వంపును అదుపులో ఉంచే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను నెక్‌లోని దాని గాడిలో కూర్చోబెట్టి, జిగురు లోపలికి కారకుండా పైన సన్నని టేపు అంటించి, జిగురు రాశాక, ఫ్రెట్‌బోర్డ్ పెట్టే ముందు లాగేయాలి. 14వ ఫ్రెట్ గాటు సరిగ్గా పెట్టె అంచు మీదికి వచ్చేలా చూసుకున్న తరువాత, 1వ, 12వ ఫ్రెట్ల గాట్లలోంచి సన్నని రంధ్రాలు వేసి, తల తీసిన మేకులు దించాలి. లేకపోతే క్లాంప్ బిగించగానే తడి జిగురు మీద ఫ్రెట్‌బోర్డ్ సబ్బు ముక్కలా జారుతుంది.

జిగురు పలుచగా రాయాలి. నా మొదటి గిటార్‌కు నీటి ఆధారిత జిగురును ధారాళంగా పూసి, మరునాడు క్లాంపులు తీసి చూస్తే నెక్ వెనక్కు విల్లులా వంగి ఉంది. ఆ తేమ ఆరి నెక్ తిన్నగా కావడానికి మూడు వారాలు పట్టింది. ఈ ఒక్క అతుకుకు ఎపాక్సీ వాడితే ఆ ఇబ్బందే ఉండదు. ఫ్రెట్లు కొట్టిన తరువాత కూడా నెక్ కొద్దిగా వెనక్కు వంగవచ్చు కనుక 3వ దశ కొలతను మళ్ళీ ఒకసారి చూడాలి. ఈసారి స్కేలును ఫ్రెట్ల మీద పెడితే అది బ్రిడ్జ్ నెత్తిని తాకీ తాకనట్టు పోవాలి.

7. నెక్‌ను బోల్టులతో బిగించి, 14వ ఫ్రెట్ అవతల పైపలక మీద ఆనే ఫ్రెట్‌బోర్డ్ తోకకు మాత్రం వేడికి మెత్తబడే జిగురు పలుచగా రాయాలి. మడమ బుగ్గలకు, నాలుకకు జిగురు అక్కరలేదు. ఈ పనులన్నీ గాలిలో తేమ 45 శాతం దగ్గర ఉన్న గదిలో జరగాలి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల వారు వానాకాలంలో చెక్కలను ముందుగా కొన్ని రోజులు ఏసీ గదిలో ఉంచడం అవసరం.

8. శాడిల్‌ను నట్ నుంచి సరిగ్గా 645 మి.మీ. దగ్గర పెట్టకూడదు. నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పెరుగుతుంది కనుక మొదటి తీగ దగ్గర సుమారు 2, ఆరో తీగ దగ్గర 4 నుంచి 5 మి.మీ. వెనక్కు జరపాలి. తీగలు ఎక్కించి, పూర్తి శ్రుతిలో వారం రోజులు వదిలేసి, తరువాత 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు కొలవాలి: ఆరో తీగకు 2.4, మొదటి తీగకు 1.8 మి.మీ. ప్రాంతంలో ఉంటే చాలు. అక్కడ అర మి.మీ. తగ్గాలంటే శాడిల్‌ను ఒక మి.మీ. అరగదీయాలి. తీగలు మార్చే మొదటిసారి ధ్వని రంధ్రంలోంచి అలెన్ కీ దూర్చి రెండు బోల్టులనూ చూడండి. చెక్క ఆరి సర్దుకోవడం వల్ల అవి సాధారణంగా పావు చుట్టు వదులై ఉంటాయి.