కుక్క అన్నం ముట్టకపోతే ముందు చిగుళ్లు చూడండి

ఖమ్మంలో మా వీధి కుక్కలకు అన్నం పెట్టేది నేనే. అందుకే ఎవరి కుక్కకి నలతగా ఉన్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. నేను డాక్టర్ని కాను, రెండు పనులు మాత్రం చెబుతాను: పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి జ్వరం చూడండి. చిగుళ్లు పాలిపోయినా, జ్వరం 103 ఫారన్‌హీట్ దాటినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్రటి చుక్కలున్నా, మూత్రం డికాక్షన్ రంగులో ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇవి టిక్ ఫీవర్ లక్షణాలు కావొచ్చు, అంటే రక్తం పీల్చే గోమారి పురుగు కుట్టడం వల్ల వచ్చే జబ్బు. ఆ మాట అంటే "ఒంటి మీద ఒక్క గోమారీ లేదండీ" అంటారు. గోమారి కుట్టి రాలిపోయిన రెండు మూడు వారాలకు కూడా టిక్ ఫీవర్ బయటపడొచ్చు. ఈలోగా మన జ్వరం మాత్రలు వేయకండి. ఇబుప్రొఫెన్ అయితే కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది.

ఆస్పత్రిలో సీబీసీ (రక్తకణాల లెక్క) చేయిస్తే ప్లేట్‌లెట్లు తెలుస్తాయి. 2 లక్షల కంటే బాగా తగ్గితే అనుమానించాల్సిందే. టిక్ ఫీవర్ తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనవి ఎర్లికియా, బబేసియా. స్మియర్‌కి, అంటే రక్తపు చుక్కని గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్షకి, చెవి అంచు నుంచి రక్తం తీయమని అడగండి, బబేసియా అక్కడ తేలిగ్గా దొరుకుతుంది. స్మియర్ నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు. డబ్బుకు వెనకాడే పరిస్థితి లేకపోతే పీసీఆర్ (క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) చేయించండి. ఏ క్రిమో తెలియాలి, ఎందుకంటే మందులు వేరు. ఎర్లికియాకి డాక్సీసైక్లిన్, రోజుకు కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున 28 రోజులు. బబేసియాలో పెద్ద రకానికి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్, రెండు వారాలకు మరొకటి. చిన్న రకం గిబ్సోనీ దానికి సరిగ్గా లొంగదు, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి వాడాలి. రెండు జబ్బులూ ఒకేసారి ఉండటం మామూలే. డోసు మాత్రం డాక్టరే తేల్చాలి.

అసలు గొడవ ఇంట్లోనే. రెండో మూడో రోజుకి కుక్క తోక ఊపుతూ తినేస్తుంది, డాక్సీ ఆపేస్తారు. ఆపకండి. మన అలవాటు కొద్దీ మాత్రని పెరుగన్నంలో కలుపుతారు, అదీ వద్దు. పాల పదార్థాలతో మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఉడికించిన గుడ్డులో పెట్టి, వెంటనే నీళ్లు తాగించండి. ఉత్త మాత్ర గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. కోర్సు అయ్యాక సీబీసీ మళ్లీ చేయించండి.

గోమారిని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి, కిరోసిన్ పోయకండి. అవి గుడ్లు పెట్టేది గోడ పగుళ్లలో, వేలల్లో. పగుళ్లు సిమెంటుతో పూడ్చి, కుక్కకి నెలనెలా గోమారుల్ని చంపే అఫోక్సోలానర్ మాత్ర వేయండి. మూర్ఛలొచ్చే కుక్కయితే ముందే డాక్టర్‌కి చెప్పండి. ఇంట్లో పిల్లి ఉంటే గోమారుల మందు పర్మెత్రిన్ స్ప్రే జోలికి పోవద్దు, అది పిల్లికి విషం.