మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకి, సంక్రాంతి ముందు జాగ్రత్తలు

పోయిన సంక్రాంతికి నేను సిగరెట్ మానేసి పద్నాలుగు నెలలు. కనుమ నాడు మధ్యాహ్నం భీమవరం దగ్గర ఒక ఊళ్ళో, కోడిపందేల బరి పక్కన టెంటు కింద నిలబడి ఉంటే మా బావగారు పెట్టె చాపి "ఒక్కటేనోయ్, పండగ కదా" అన్నారు. తీసుకున్నాను. ఆ రోజు నాకు ఏ టెన్షనూ లేదు. అప్పులవాళ్ళ ఫోన్లు లేవు, ఇంట్లో గొడవ లేదు, అక్కావాళ్ళు రెండేళ్ళ తర్వాత ఊరొచ్చారు, ఆ ఏడాది మొత్తంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. రాత్రికి మూడయ్యాయి. మాఘమాసం పెళ్ళిళ్ళ నాటికి రోజుకో పెట్టె.

అందుకే ఇది రాస్తున్నాను. మానేసేటప్పుడు మనందరం కష్టం వస్తే ఎలా తట్టుకోవాలా అనే ఆలోచిస్తాం. చెరువులో రొయ్యకి జబ్బొస్తే, డబ్బులు అందకపోతే, రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేయాలో అనుకుని పెట్టుకుంటాం. పండగ గురించి ఎవరం అనుకోం. నేను జారింది మాత్రం నవ్వుతూ ఉన్నప్పుడే, నాకు కావలసినవాళ్ళ మధ్యలోనే. మీలో చాలామందికి కూడా అలాగే జరిగి ఉంటుంది, ఒకసారి గుర్తు చేసుకోండి.

ముందు తేదీ సంగతి. భోగి మంటలో పెట్టె పడేసి మానేస్తాను అంటారు చాలామంది. వినడానికి బాగుంటుంది కానీ లెక్క కుదరదు. ఆపిన రెండో రోజు, మూడో రోజే ఒంటికి బాగా కష్టంగా ఉంటుంది. చిరాకు, తల దిమ్ము, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఆకలి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. భోగి నాడు ఆపితే ఆ రెండు రోజులూ సరిగ్గా పెద్ద పండగ మీదా కనుమ మీదా పడతాయి, చేతిలో గ్లాసూ పక్కన పొగా ఉండేది కూడా అప్పుడే. ఈ బాధ చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది కాబట్టి నెలగంట పెట్టిన రోజున, అంటే డిసెంబర్ 16 ప్రాంతంలో ఆపేస్తే భోగి నాటికి నాలుగు వారాలు గడుస్తాయి. ఈసారి నేను అదే చేశాను. నెలగంట దాటిపోయింది కదా అని భోగి కోసం చూడకండి, ఈ రాత్రే ఆపండి. పండగకి ముందు ఎన్ని రోజులు దొరికితే అంత నయం.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకి ఒక మాట. మండలం దీక్ష అంటే 41 రోజులు. అన్నాళ్ళు ముట్టకుండా ఉన్నారంటే కష్టమైన భాగం మీ ఒళ్ళు ఎప్పుడో దాటేసింది, ఇక మిగిలింది అలవాటు ఒక్కటే. కానీ మాల తీసి ఇంటికొచ్చిన సాయంత్రమే కాలువ గట్టు మీద వెలిగించుకున్నవాళ్ళని నేను కళ్ళారా చూశాను, మనసుకి చాలా కష్టమేసింది. మాల తీసే రోజున సాయంత్రం ఎక్కడ ఉంటారో, ఎవరితో ఉంటారో ముందే అనుకుని పెట్టుకోండి.

తర్వాత మందుల సంగతి, ఇది పండగ ముందే చూసుకోవాల్సిన పని. కిందటిసారి నేను ఒట్టి పట్టుదలతో మానేశాను, సాయం తీసుకోవడం చిన్నతనం అనుకున్నాను. అది తప్పు. నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటు ఉన్నవాళ్ళకి 4 మిల్లీగ్రాములది అవసరం కావచ్చు, దానికి డాక్టర్ చీటీ కావాలి. దీన్ని మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే గొంతు మండుతుంది, ఎక్కిళ్ళొస్తాయి, పనిచెయ్యడం లేదని పారేస్తారు. మెల్లగా నాలుగైదు సార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఉంచాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ మెల్లగా నమలాలి. వేసుకునే ముందు పావుగంట, వేసుకున్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు, తాగితే నోట్లోంచి నికోటిన్ సరిగ్గా ఎక్కదు. పండగ మూడు రోజులకీ సరిపడా ముందే తెచ్చి జేబులో పెట్టుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు మాత్రం డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. మాత్రలు కూడా ఉన్నాయి, బుప్రోపియాన్, వరేనిక్లిన్ అని. అవి మానే తేదీకి ఒకటి రెండు వారాల ముందు మొదలుపెట్టాల్సినవి, ఫిట్స్ ఉన్నవాళ్ళకి మొదటిది పనికిరాదు. కాబట్టి వెళ్ళదలిస్తే డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్ళండి. 1800-11-2356 అనే నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది. ఫోన్ ఉచితం. నేను ఇన్నేళ్ళూ ఆ పెట్టెలు కొన్నాను కానీ ఆ నంబరు ఎప్పుడూ చదవలేదు.

టీ సగానికి సగం తగ్గించండి. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ తొందరగా అరిగిపోతుంది, మానేశాక అదే కప్పు ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. పండగకి వచ్చిన ప్రతి చుట్టంతోనూ ఒక టీ తాగితే రాత్రి గుండె దడదడలాడి నిద్ర పట్టక, సిగరెట్ లేకే ఇలా అవుతోంది అనుకుంటాం.

ఇప్పుడు అసలైనది, మనుషులు. ఈ నెల మొదట్లోనే బావగారికి ఫోన్ చేశాను. "బావగారూ, ఈసారి నాకు ఇవ్వకండి, నేను నోరు తెరిచి అడిగినా ఇవ్వకండి" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పోయినేడు ఇచ్చింది నేనే కదోయ్" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, అప్పుడూ లేదు. ఆయనకి నేను చెప్పలేదు, అంతే. మీ వాళ్ళకి కూడా హైదరాబాద్‌లో బయల్దేరకముందే చెప్పండి, బరి దగ్గర నలుగురిలో చెప్పడం కుదరదు. చెప్పేటప్పుడు "తగ్గించాను" అనొద్దు, "డాక్టర్ వద్దన్నాడు" అని కూడా అనొద్దు, ఆ మాటలకి ఎదురు మాట ఉంటుంది. "మానేశాను" అంటే చాలు.

ఒక్కటికి ఏమవుతుందిలే అనేవాళ్ళుంటారు. రోజుకి ఒక్కటే కాల్చినా, ఇరవై కాల్చేవాళ్ళకి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం వస్తుందని 141 అధ్యయనాలు కలిపి చూసి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మనలాంటివాళ్ళకి అయితే ఆ ఒక్కటి ఒక్కటిగా ఆగదు కూడా. అలాగే చుట్ట. లంక పొగాకు పండేది మన గోదారి లంకల్లోనే, మా తాతగారి చేతిలో చుట్ట లేని రోజు నాకు గుర్తులేదు, అందుకే దాన్ని మనం తప్పుగా చూడం. పొగ లోపలికి పీల్చం కదా అంటారు. చుట్ట పొగలోని నికోటిన్ నోటి చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తుంది, నోటి క్యాన్సర్ భయం కూడా ఉంది. ఖైనీ, గుట్కా వైపు మళ్ళడం కూడా మానడం కాదు.

మందు తాగకుండా ఈ మూడు రోజులూ గడపగలిగితే అంతకంటే మంచి జాగ్రత్త లేదు. బీరు లేకపోతే పోయినేడు నేను ఆ పెట్టె ముట్టేవాణ్ణి కాదని గట్టిగా నమ్ముతున్నాను. బరి దగ్గరికి వెళ్ళకుండా ఉండగలిగితే మరీ మంచిది. వెళ్తే పందెం చూసి వచ్చేయండి, పందేనికీ పందేనికీ మధ్య ఖాళీలోనే చేతులు జేబులు వెతుక్కుంటాయి. మనసు లాగినప్పుడు ఆ లాగుడు కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు నోటికీ చేతికీ పని కావాలి. నేను తేగలు పెట్టుకుంటున్నాను. ఇది వాటి కాలమే, కాల్చిన తేగ పొట్టు తీసి, పీచు తీసి, చీల్చి నమిలేసరికి పది నిమిషాలు పడుతుంది. చెరకు ముక్క అయినా పర్లేదు. చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళు షెడ్డులో దాచిన పెట్టె, లైటరు ఇవాళే వెతికి తీసేయండి, ఎక్కడో ఒకటి ఉంటుంది, నాకు మందుల డబ్బా వెనక దొరికింది.

ఒకవేళ వెలిగిస్తే? అక్కడితో ఆపండి, మిగతావి నీళ్ళలో ముంచి పారేయండి, గమ్ మానొద్దు, ఎవరో ఒకరికి ఆ రోజే చెప్పండి. నన్ను ముంచింది ఆ మొదటి సిగరెట్ కాదు, "ఎలాగూ కాల్చాను కదా, పండగయ్యాక చూద్దాం" అనుకున్న మాట. ఆ మాట నుంచి బయటపడి మళ్ళీ మానడానికి నాకు ఏడాది దాకా పట్టింది. పద్నాలుగు నెలలు వృథా అయ్యాయని కూడా చాలా రోజులు బాధపడ్డాను, కానీ ఎలా ఉండాలో ఆ పద్నాలుగు నెలల్లోనే నేర్చుకున్నాను, ఈసారి మొదటి వారం అప్పటంత కష్టం అనిపించలేదు.

చివరిగా, అందరూ వెళ్ళిపోయే రోజు. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది, ఏదో పోయినట్టు ఉంటుంది. పోయినేడు అక్కావాళ్ళని నరసాపురం స్టేషన్లో రైలెక్కించి, బయట కిళ్ళీ కొట్టు దగ్గర నా డబ్బుతో మొదటి పెట్టె కొన్నాను. ఈసారి స్టేషన్‌కి మా అమ్మాయిని కూడా తీసుకెళ్తున్నాను.