చేప పిండం గుండెపై కలుపు మందు ప్రభావం: కాలేజీ ల్యాబ్‌లో ఎలా చూడాలి?

మూసీ ఆయకట్టు రైతులు నాట్లు పడగానే ప్రెటిలాక్లోర్ లాంటి కలుపు మందును ఇసుకలో కలిపి మడిలో చల్లుతారు. గట్టు తెగితే ఆ నీళ్లు కాలువలోకే. అలాంటి నీళ్లలో చేప గుడ్డు ఏమవుతుందో హైదరాబాద్‌లోని ఏ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లోనైనా చూడవచ్చు. కావలసింది మైక్రోస్కోపు, ఇంక్యుబేటరు, అక్వేరియం దుకాణాల్లో దొరికే జీబ్రా చేపలు. కాలేజీ అనుమతి మాత్రం ముందే తీసుకోండి.

సాయంత్రం ఆడ, మగ చేపలను ఒకే తొట్టిలో మధ్య అడ్డు పెట్టి ఉంచండి. అడుగున గోలీలు పరవండి. లేకపోతే తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయి. తెల్లవారి లైటు వేసి అడ్డు తీస్తే కాసేపటికే గుడ్లు పెడతాయి. తెల్లబడిన గుడ్లు పనికిరావు, ఏరేయండి.

24 గుంటల ప్లేటులో గుంటకు ఒక పిండం చొప్పున వేయండి. కొన్నింటికి క్లోరిన్ లేని మంచి నీళ్లు, మిగతావాటికి తక్కువ నుంచి ఎక్కువకు మందు మోతాదులు. దుకాణం సీసాలోని మందు వాడితే తప్పు లెక్క వస్తుంది. అందులో కలిపే ఇతర రసాయనాలూ చేపకు విషమే. గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందు సీసాల్లో చాలాసార్లు అసలు మందుకన్నా అవే ఎక్కువ హాని చేస్తాయి. స్వచ్ఛమైన రసాయనమే తెప్పించండి.

ప్లేటును 28 డిగ్రీల దగ్గర ఉంచండి. జనవరి రాత్రి బల్లమీద వదిలేస్తే చలికే గుండె నెమ్మదిస్తుంది, నింద మందుమీద పడుతుంది.

గుడ్డు పెట్టిన దాదాపు 24 గంటలకు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. 48 గంటలకు కంటి కింద, పచ్చసొనకు ఆనుకుని రెండు గదులూ పక్కపక్కన కనిపిస్తాయి. పిండం పారదర్శకం కాబట్టి కోయనక్కర లేదు. ఫోనుతో అర నిమిషం వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి లెక్కపెట్టి, రెట్టింపు చేయండి. ఆరోగ్యంగా ఉంటే నిమిషానికి 120 నుంచి 180 వరకు వస్తుంది.

మందు తగిలిన గుండె చుట్టూ నీరు చేరి బుడగలా ఉబ్బవచ్చు. మామూలుగా మెలి తిరిగి పక్కపక్కకు రావలసిన గదులు అలా తిరగక ఒకదాని వెనుక ఒకటి సన్నగా సాగిపోవచ్చు. అయినా పిండం వెంటనే చావదు, రక్తం తిరగకపోయినా చర్మం గుండా ఆక్సిజన్ అందుతుంది. అందుకే చావులే లెక్కపెడితే అసలు నష్టం కంటపడదు. ఉబ్బు, మెలిక, వేగం మూడూ రాయండి.

మంచి నీళ్ల పిండాల్లోనే పదింట ఒకటికి మించి చనిపోతే మొత్తం పారేసి కొత్త గుడ్లతో మొదలుపెట్టాలి. పారేయడమంటే సింకులో కాదు, రసాయన వ్యర్థాల డబ్బాలో.