నీళ్ల పందెం: విశాఖ అపార్ట్‌మెంటులో ఆరు వారాల్లో నడిపే పద్ధతి

నీళ్ల వాడకం తగ్గించుకునే పందెం అనగానే అసోసియేషన్ మీటింగులో అందరూ ముందు బహుమతి గురించి మాట్లాడతారు. ముందు కావలసింది స్కేలు. ట్యాంకులోంచి రోజుకి ఎన్ని లీటర్లు పోతున్నాయో తెలియకుండా మొదలుపెట్టిన పందెం రెండో వారానికే వాట్సాప్ గుడ్ మార్నింగుల కింద కూరుకుపోతుంది. అందుకే ఈ పద్ధతిలో మొదటి రెండు వారాలు కొలత, తర్వాత నాలుగు వారాలు పందెం.

విశాఖకి నీళ్లు తేలిగ్గా రావు. ఊళ్లో ఉన్న ముడసర్లోవ రిజర్వాయరు చిన్నది. మేఘాద్రిగెడ్డ, గోస్తని మీది తాటిపూడి, అనకాపల్లి జిల్లాలోని రైవాడ, ఇవి చాలక ఏలేశ్వరం దగ్గర్నుంచి కాలువలో వచ్చే ఏలేరు నీళ్లు, అన్నీ కలిస్తే మన కుళాయి. మిగతా లోటు బోరు, ట్యాంకరు పూడుస్తాయి. సముద్రానికి దగ్గరి వీధుల్లో బోరుని గంటల తరబడి లాగితే ఉప్పు నీళ్లు పైకొస్తాయి. సబ్బు నురగ రావడం తగ్గిందంటే ఆ సంగతి మొదలైనట్టే.

ఎప్పుడు పెట్టాలి

సంక్రాంతి అయిపోయి, ఊళ్లకు వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చాక జనవరి చివర్లో కొలత మొదలుపెట్టి, ఫిబ్రవరిలో పందేనికి దిగడం అన్నిటికన్నా అనువు. అప్పుడు వాన ఉండదు, ఎండ ముదరదు, పిల్లలు ఊళ్లోనే ఉంటారు. సంక్రాంతికి ముందు వద్దు, ఇల్లు దులిపి కడిగే రోజులవి. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి పూజలతో తలస్నానాలు, గుమ్మాలు కడగడం ఎక్కువ. చందనోత్సవం రోజుల్లో సింహాచలం వచ్చే చుట్టాలతో ఇళ్లు నిండుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సగం ఫ్లాట్లు ఖాళీ, మిగతా సగంలో అదనపు పిల్లలు.

ఏ నెలలో పెట్టినా ఒక నియమం తప్పకూడదు: ఆదివారం ఉదయం నుంచి ఆదివారం ఉదయం వరకు, పూర్తి వారంతో పూర్తి వారాన్నే పోల్చాలి. శుక్రవారం తలంట్లు, ఆదివారం బట్టలు, కారు కడగడాలు ఉన్న ఊళ్లో మంగళవారాన్ని శుక్రవారంతో పోలిస్తే అర్థం లేదు.

కొలత

బిల్డింగు మొత్తానికి కొలిచే దారులు మూడు. మోటారు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకి వెళ్లే పైపు మీద మీటరు పెట్టించడం మంచిది. అందులో నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే వెయ్యి లీటర్లకొకటి. ఎర్ర అంకెలు అంతకన్నా చిన్నవి. మీటరు మీది బాణం నీళ్లు పారే వైపే ఉండాలి, ముఖం ఆకాశం వైపు ఉండాలి. పక్కకు వాలిస్తే తక్కువ చూపిస్తుంది. మున్సిపల్ లైను మీటరుని మాత్రం పందేనికి నమ్ముకోవద్దు. కుళాయి రోజుకి కొద్దిసేపే వచ్చే వీధుల్లో నీళ్లకన్నా ముందు గాలి వచ్చి ముల్లుని తిప్పేస్తుంది. పైగా బోరు, ట్యాంకరు నీళ్లు అందులో లెక్కకే రావు.

మీటరు లేకపోతే మోటారు నడిచిన నిమిషాలు లెక్కపెట్టాలి. ముందు ట్యాంకు లోపలి పొడవు, వెడల్పు మీటర్లలో కొలిచి రెంటినీ హెచ్చవేసి 10తో గుణిస్తే ఒక సెంటీమీటరు లోతుకి ఎన్ని లీటర్లో వస్తుంది. 4 మీటర్లు, 2.5 మీటర్ల ట్యాంకయితే సెంటీమీటరుకి సరిగ్గా 100 లీటర్లు. మధ్యాహ్నం వాడకం తక్కువున్నప్పుడు, కిందికెళ్లే గేట్ వాల్వులు మూసి, మోటారు పది నిమిషాలు వేసి నీళ్లు ఎన్ని సెంటీమీటర్లు లేచాయో చూడాలి. 6 సెంటీమీటర్లు లేస్తే పది నిమిషాలకి 600 లీటర్లు, నిమిషానికి 60. స్టార్టరు పక్కన మోటారు నడిచిన సేపు చూపే చిన్న అవర్ మీటరు పెట్టిస్తే వాచ్‌మన్ చిట్టా రాయక్కర్లేదు. వోల్టేజీ మారినా, సంపులో మట్టం పడిపోయినా మోటారు తోసే నీళ్లు మారతాయి కాబట్టి రెండు వారాలకోసారి ఈ పరీక్ష మళ్లీ చెయ్యాలి.

మూడో దారి కర్ర. రెండు పూటలా ట్యాంకులో స్కేలు గీసిన పీవీసీ పైపు దించి, మోటారు వేసే ముందు, ఆపాక మట్టం రాసుకోవడం. మోటారు నడుస్తుండగా జనం వాడిన నీళ్లు ఇందులో తప్పిపోతాయి కనుక ఇది చివరి గతి.

ఫ్లాటు ఫ్లాటుకీ మీటరు ఎందుకు వద్దంటే, మన పాత అపార్ట్‌మెంట్లలో ఒక ఇంటికి ఒకే పైపు రాదు. వంటింటికొకటి, బాత్రూముకొకటి చొప్పున మూడు నాలుగు డౌన్ పైపులు పై నుంచి కింది దాకా దిగుతాయి. అన్నిటికీ మీటర్లు పెడితే ఖర్చు అలా ఉంచి, ట్యాంకు కిందనే ఉన్న పై అంతస్తుకి అసలే అంతంతమాత్రమైన ఒత్తిడి ఇంకా పడిపోతుంది. గొడవ అక్కడ మొదలవుతుంది. ఫ్లాటుకొక ఇన్‌లెట్ ఉన్న కొత్త కాంప్లెక్సుల్లో మీటర్లు ఉంటే సరే, అప్పుడు కూడా ఏ ఇంటిని ఆ ఇంటి పాత అంకెతోనే పోల్చాలి.

మొత్తం లీటర్లు వచ్చాక తలల లెక్క. ఆ రాత్రి బిల్డింగులో పడుకున్నవాళ్లెందరో, పసిపిల్లలూ చుట్టాలూ వాచ్‌మన్ కుటుంబంతో సహా, రోజూ రాయాలి. ఒక వారంలో 78,000 లీటర్లు పోయి, ఏడు రాత్రుల తలలు కలిపి 480 అయితే తలకి రోజుకి దాదాపు 162. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లన్నది మన దేశంలో నీటి పథకాలకు పెట్టుకునే కొలమానం. మీ అంకె దానికన్నా పైనుంటే మొదటిసారి పది శాతం తగ్గింపు పెట్టుకోండి. వందకన్నా కిందనే ఉంటే వాడకం జోలికి పోవద్దు, లీకులు మాత్రం వెతకండి. ఎండాకాలపు చెమటలో జనాన్ని స్నానం తగ్గించుకోమనే పందెం ఎవరికీ మేలు చెయ్యదు.

ఈ రెండు వారాల కొలత సంగతి సెక్రటరీకీ వాచ్‌మన్‌కీ తెలిస్తే చాలు. ముందే దండోరా వేస్తే కొందరు కొలత రోజుల్లో ధారాళంగా వాడి తర్వాత తగ్గించినట్టు చూపిస్తారు. మనుషులంతే.

జట్లు, మార్కులు

అంతస్తుల వారీగా కాకుండా నిలువు వరసల వారీగా జట్లు కట్టాలి: 101, 201, 301, 401 ఒక జట్టు. వీళ్లవి ఒకే డౌన్ పైపులు, ఆ పైపులు దిగే సందు, అంటే డక్టు, కూడా ఒకటే. మూడో అంతస్తు లీకు మరకై కనిపించేది రెండో అంతస్తు గోడ మీదే కాబట్టి ఈ నలుగురికీ ఎలాగూ పని పడుతుంది.

మార్కులు లీకు లేనివాళ్లకి కాదు, లీకు కనిపెట్టినవాళ్లకి ఇవ్వాలి. తిరగేస్తే అందరూ దాచేస్తారు. పరీక్ష చేసినందుకు 10, లీకు దొరికితే ఇంకో 10, వారంలోగా బాగుచేయిస్తే 20. ఉమ్మడి స్థలంలో కారుతున్న పైపు చూపించిన పిల్లలకి 5. బిల్డింగు మొత్తం అంకె తగ్గితే అన్ని జట్లకీ సమానంగా 25. బహుమతి డబ్బుగా వద్దు, మార్కుల మీద తగువులొస్తాయి. గెలిచిన జట్టుకి టెర్రస్ మీద మిగతా జట్లు వడ్డించే భోజనం చాలు.

నోటీసు ఇంతకన్నా పొడుగు వద్దు:

“అందరికీ నమస్కారం. ఈ ఆదివారం నుంచి నాలుగు వారాలు మన బిల్డింగులో నీళ్ల పందెం. ఇప్పుడు మన వాడకం తలకి రోజుకి 162 లీటర్లు. 145కి దింపుదాం. ఏ ఇంటి లెక్కా విడిగా బయటపెట్టం. వారానికి ఒక్క పనే చెబుతాం.”

ఏ ఇంటి పేరూ గ్రూపులో పెట్టకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఒక్కసారి “ఫలానా ఫ్లాటు వాళ్లు” అని మెసేజీ పడిందంటే ఆ ఇల్లే కాదు, వాళ్లతో మాటలున్న మరో మూడిళ్లు పందెంలోంచి వెళ్లిపోతాయి.

మొదటి వారం: అసోసియేషన్ తన గుమ్మం ఊడ్చుకోవాలి

ఉమ్మడి ట్యాంకు పొంగుతూ ఉంటే ఇళ్లవాళ్లకి చెప్పే హక్కు ఉండదు. నిమిషానికి 60 లీటర్లు తోసే మోటారుని ఇరవై నిమిషాలు మరిచిపోతే 1,200 లీటర్లు పోయినట్టు. ఓవర్‌హెడ్ ట్యాంకులో మోటారుని దానంతటదే ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించాలి. బాల్ వాల్వు సంపులోకి వచ్చే మున్సిపల్ లైనుకే. దాన్ని మోటారు లైనుకి పెడితే నీళ్లు ఆగుతాయి కానీ మోటారు ఆగదు, లోపల వేడెక్కి సీలు పోతుంది. సంపులో బాల్ వాల్వు ప్లాస్టిక్ బంతిని ఊపి చూడండి. గలగలమంటే సన్నని పగులులోంచి నీళ్లెక్కినట్టు, అది తేలదు, వాల్వు మూసుకోదు. సముద్రపు గాలికి ఇనుప కాడలు త్వరగా తినేస్తాయి, ఇత్తడి కాడే కొనాలి.

ఓవర్‌ఫ్లో పైపు చివర ఎక్కడో వెనక గోడకి ఉంటుంది. దాన్ని తిప్పి అందరూ నడిచే దారి పక్కన దించండి. నీళ్లు పొంగితే మొదటి నిమిషంలోనే ఎవరో ఒకరు కేకేస్తారు.

ట్యాంకు లీకుకి: అర్ధరాత్రి మట్టం గుర్తుపెట్టి, బయటికెళ్లే వాల్వులన్నీ మూసి, నాలుగు గంటలకి చూడాలి. ముందు రోజే నోటీసు పెట్టాలి. పాత గేట్ వాల్వు పూర్తిగా మూసుకోదు కాబట్టి మట్టం తగ్గితే ట్యాంకుదా, వాల్వుదా అన్నది కింద కుళాయి తిప్పి తేల్చుకోవాలి.

వాచ్‌మన్‌ని జట్లన్నిటికన్నా ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. స్విచ్ ఆయన చేతిలో ఉంది. పందెం ముగిశాక భోజనంలో ఆ కుటుంబానిది మొదటి విస్తరి.

రెండో వారం: ఫ్లష్

కనపడకుండా పోయే నీళ్లలో పెద్ద వాటా ఇదే. రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి, మిఠాయిల్లో వేసే రంగు పది పదిహేను చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ చెయ్యకుండా ఉండాలి. కిందికి రంగు దిగితే అడుగు రబ్బరు వాషరు పోయినట్టు. పసుపు, కుంకుమ వద్దు, అడుగున పేరుకుంటాయి. నీటిమట్టం లోపలి నిలువు గొట్టం అంచుదాకా ఉండి సన్నగా చప్పుడు వస్తుంటే మాత్రం తప్పు వాషరుది కాదు, ఫ్లోటు ఎత్తు ఎక్కువై నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పోతున్నాయి. స్క్రూ తిప్పి, గొట్టం అంచుకి రెండు సెంటీమీటర్లు కిందుండేట్టు దించాలి.

పది లీటర్ల పాత ఫ్లష్ ట్యాంకులో లీటరు సీసాలో గులకరాళ్లు, నీళ్లు నింపి మూత బిగించి ఒక మూల పెట్టొచ్చు. ఇటుక వద్దు, కరిగి వాల్వులో ఇసుక చేరుతుంది. మూడు, ఆరు లీటర్ల రెండు మీటల ఫ్లష్‌కి సీసా అక్కర్లేదు. సీసా పెట్టాక రెండుసార్లు ఫ్లష్ చెయ్యాల్సి వస్తుంటే వెంటనే తీసెయ్యండి.

మూడో వారం: కుళాయిలు

కారే కుళాయి కింద మగ్గు పెట్టి పది నిమిషాల నీళ్లు కొలిచి 144తో గుణిస్తే రోజు లెక్క వస్తుంది. 200 మిల్లీలీటర్లంటే రోజుకి దాదాపు 29 లీటర్లు. పాత తిప్పుడు కుళాయికి వాషరు చాలు. పావు తిప్పుతో తెరుచుకునే రకానికి లోపలి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. పాతది ఊడదీసి షాపుకి పట్టుకెళ్లండి, పళ్ల లెక్కా ఎత్తూ కంపెనీకొక రకం. విప్పే ముందు కింద గోడ దగ్గరుండే చిన్న వాల్వు, యాంగిల్ కాక్, మూయడం మరవద్దు.

కుళాయి మూతికి బిగించి ధారలో గాలి కలిపే ఏరేటరు జాలీలు వాష్‌బేసిన్‌కీ వంటింటి సింకుకీ మాత్రమే. బకెట్ నింపే కుళాయికి పెడితే నీళ్లేమీ మిగలవు, బకెట్ అదే, నింపే సేపే పెరుగుతుంది. ఒత్తిడి తక్కువున్న పై అంతస్తులో అసలు వద్దు. బోరు నీళ్లకి జాలీ తెల్లగా గట్టకట్టి మూసుకుపోతుంది. నెలకోసారి విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో అరగంట నానబెట్టాలి.

నాలుగో వారం: వంటిల్లు

అంట్లు తోమేటప్పుడు కుళాయి వదిలేస్తే నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు. రెండు టబ్బుల పద్ధతి కాగితం మీద బాగుంటుంది. నాలుగిళ్లు చెయ్యాల్సిన పనావిడకి మాత్రం టైము ఖర్చు, మీరు పక్కకు వెళ్లగానే మానేస్తుంది. ఆమెకి పని తగ్గించేదే నిలబడుతుంది: పప్పు గిన్నె, పెరుగు గిన్నె ఎండిపోకుండా రాత్రే నీళ్లు పోసి ఉంచడం, సింకు కుళాయికి ఏరేటరు పెట్టడం. మాట కూడా ఉత్తర్వులా కాకుండా, “అమ్మా, ఇలా నానబెడితే నీకూ తోముడు తగ్గుతుందేమో చూడు” అంటే చాలు.

ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్లు బకెట్‌లో పట్టి నేల తుడవడానికి, ఫ్లష్‌కి వాడండి. మొక్కలకి రోజూ పోస్తే మట్టిలో ఉప్పు చేరుతుంది. మొక్కలకి బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నీళ్లు మేలు. మన ఊరి ఉక్కపోతలో రాత్రంతా నడిచిన ఏసీ కింద బకెట్ పెట్టి చూడండి.

ప్రతి ఆదివారం సాయంత్రం లిఫ్టు పక్క బోర్డు మీద రెండే అంకెలు రాయాలి, పోయిన వారం, ఈ వారం. అంకె పెరిగితే తలల పుస్తకం ముందు చూడండి, చాలాసార్లు చుట్టాలని రాయడం మరిచిపోయి ఉంటారు. తలల లెక్క సరిగ్గానే ఉండి, రాత్రి పన్నెండు నుంచి నాలుగు మధ్య కూడా ట్యాంకు మట్టం దిగుతుంటే ఇంకా ఎక్కడో లీకు మిగిలింది. డక్టుల్లో టార్చి వేసి తడి వెతకండి.

పందెం అయ్యాక కొలతల పుస్తకం మోటారు గదిలోనే వేలాడదీయండి. సెక్రటరీ మారితే ఆయన ఇంటికి వెళ్లిపోయేది ముందు అదే.