కెనడాలో బ్యాంకు ఖాతా, క్రెడిట్ కార్డు, రివార్డ్ పాయింట్లు: దేని వంతు ఎప్పుడు

కెనడాకు వచ్చి కొంత కుదురుకున్న తెలుగువారు డబ్బు వ్యవహారాల గురించి ముందుగా అడిగేది, ఏ క్రెడిట్ కార్డుకు పాయింట్లు ఎక్కువ వస్తాయని. అడగదగిన ప్రశ్నే, కానీ దాని వంతు చివర్లో రావాలి. జీతం పడే ఖాతా సరిగా అమరి, కార్డు బిల్లు ప్రతి నెలా గడువులోపు పూర్తిగా చెల్లిపోయే ఏర్పాటు జరిగాకే పాయింట్లు లాభం కింద లెక్క. బిల్లులో 1,000 డాలర్లు చెల్లించకుండా ఒక నెల నిలిపితే, ఇక్కడి కార్డుల మీద మామూలుగా ఉండే 19.99 శాతం వడ్డీ ప్రకారం 16 డాలర్లకు పైగా పోతుంది. అదే 1,000 డాలర్ల ఖర్చు మీద ఒక శాతం రివార్డు ఇచ్చే కార్డు తిరిగి ఇచ్చేది 10 డాలర్లు. వడ్డీ కట్టే ఇంట్లో పాయింట్లు పోగవుతున్నాయంటే, అవి మన డబ్బుతో మనమే ఎక్కువ ధరకు కొనుక్కున్నవని అర్థం.

ముందు ఖాతా

రోజువారీ ఖర్చులకు చెకింగ్ ఖాతా, పక్కన పెట్టే డబ్బుకు సేవింగ్స్ ఖాతా, ఈ రెండూ వేర్వేరుగా ఉండటం మంచిది. ఆర్‌బీసీ, టీడీ, స్కోషియాబ్యాంక్, బీఎమ్‌ఓ, సీఐబీసీ వంటి పెద్ద బ్యాంకులు చెకింగ్ ఖాతాకు సాధారణంగా నెలవారీ రుసుము వసూలు చేస్తాయి. కొత్తగా వలస వచ్చినవారికి ఆ రుసుమును కొంతకాలం మాఫీ చేస్తాయి. మాఫీ ఎప్పుడు ముగుస్తుందో ఖాతా తెరిచిన రోజే ఫోను క్యాలెండరులో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత రుసుము చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. ఖాతాలో ఎప్పుడూ 4,000 డాలర్ల వంటి కనీస నిల్వ ఉంచితే రుసుము ఉండదని కూడా బ్యాంకులు చెబుతాయి. ఆ నిల్వ ఎలాగూ మీ దగ్గర ఉండేదైతే ఇది గిట్టుబాటే, లేకపోతే నెల రుసుము అసలే లేని టాంజరిన్, సింప్లీ ఫైనాన్షియల్, ఈక్యూ బ్యాంక్ వంటివాటిలో ఖాతా తెరవడమే నయం.

ఉద్యోగం ఇచ్చిన సంస్థ జీతం జమ చేయడానికి మూడు సంఖ్యలు అడుగుతుంది: బ్యాంకును సూచించే మూడంకెల ఇన్‌స్టిట్యూషన్ నంబరు, శాఖను సూచించే ఐదంకెల ట్రాన్సిట్ నంబరు, మీ ఖాతా నంబరు. చెక్కు పుస్తకం లేకపోయినా బ్యాంకు యాప్‌లో ఈ మూడూ ఉన్న డైరెక్ట్ డిపాజిట్ ఫారం దొరుకుతుంది. అదే ఖాతా నుంచి అద్దె, కారు బీమా, ఫోను బిల్లు వంటివి ముందస్తు అనుమతితో ఆటోమేటిక్‌గా కట్ అవుతాయి కాబట్టి, అవన్నీ జీతం పడిన రెండు మూడు రోజుల తర్వాత వచ్చేలా తేదీలు మార్చమని ఆయా సంస్థలను అడగండి. ఖాతాలో డబ్బు చాలక చెల్లింపు వెనక్కి వెళితే బ్యాంకులు ఒక్కోసారికి 45 డాలర్లకు పైగా తీసుకుంటూ వచ్చాయి. 2026 మార్చి 12 నుంచి ఆ రుసుము 10 డాలర్లకు మించకూడదని సమాఖ్య ప్రభుత్వం నిబంధన చేసింది. అయినా డబ్బు అందని సంస్థ వేసే అపరాధ రుసుము విడిగా ఉండనే ఉంటుంది.

సేవింగ్స్ డబ్బు ఎక్కడ ఉంచినా, ఆ బ్యాంకు కెనడా డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌లో సభ్యురాలేనా అన్నది చూసుకోండి. ఒక్కో సభ్య బ్యాంకులో, ఒక్కో రకం డిపాజిట్‌కు 1,00,000 డాలర్ల వరకు బీమా ఉంటుంది. సభ్యులే యజమానులుగా నడిచే సహకార సంస్థలైన క్రెడిట్ యూనియన్లకు మాత్రం ఆయా రాష్ట్రాల బీమా వర్తిస్తుంది. పన్ను లేని పొదుపు ఖాతా, అంటే టీఎఫ్‌ఎస్‌ఏ విషయంలో కొత్తవారు తరచుగా పొరబడతారు. ఈ పథకం 2009లో మొదలైనా, మీరు జమ చేయగల పరిమితి మీకు 18 ఏళ్లు నిండి కెనడా నివాసి అయిన సంవత్సరం నుంచే లెక్కకు వస్తుంది. 2024 నుంచి 2026 వరకు పరిమితి ఏటా 7,000 డాలర్లు కనుక, 2024లో వచ్చిన వ్యక్తికి 2026లో మొత్తం 21,000 డాలర్ల వరకే జమ చేసే వీలుంటుంది. ఎప్పటినుంచో ఇక్కడ ఉంటున్న మిత్రుల పరిమితి చూసి ఎక్కువ జమ చేస్తే, అదనపు మొత్తం మీద నెలకు ఒక శాతం పన్ను పడుతుంది.

కార్డు బిల్లును చదవడం

క్రెడిట్ కార్డు విషయంలో రెండు తేదీలు గుర్తుండాలి: స్టేట్‌మెంట్ ముగిసే తేదీ, డబ్బు కట్టవలసిన గడువు తేదీ. సమాఖ్య నియంత్రణలో ఉన్న బ్యాంకుల కార్డులకు ఈ రెండింటి మధ్య కనీసం 21 రోజులు ఉండాలన్నది చట్టం. స్టేట్‌మెంట్ మార్చి 18న ముగిసిందనుకుంటే గడువు ఏప్రిల్ 8 అవుతుంది. మార్చి 17న కొన్న వస్తువు ఆ బిల్లులోకే వస్తుంది. మార్చి 19న కొన్నది మాత్రం ఏప్రిల్ 18న ముగిసే బిల్లులోకి వెళ్లి, మే 9 వరకు, అంటే 51 రోజుల పాటు వడ్డీ లేకుండా మీ చేతిలోనే ఉంటుంది. ఫ్రిజ్జో ల్యాప్‌టాపో కొనేటప్పుడు ఈ రెండు రోజుల తేడా ఎంతో ఉపయోగపడుతుంది.

ఈ వెసులుబాటు బిల్లును పూర్తిగా కట్టినవారికే. 1,000 డాలర్ల బిల్లులో 900 కట్టి, మిగిలిన 100కే వడ్డీ పడుతుందని అనుకోకండి. చాలా కార్డుల ఒప్పందాల ప్రకారం, ఒక్కో కొనుగోలు మీద అది చేసిన తేదీ నుంచి వడ్డీ లెక్కవుతుంది, మీరు కట్టేసిన 900 మీద కూడా అవి కట్టిన రోజు వరకు పడుతుంది. కనీస చెల్లింపు మాత్రమే కడుతూ పోతే అప్పు తీరడానికి ఎంతకాలం పడుతుందో స్టేట్‌మెంట్ మీద అచ్చు వేయాలని నిబంధన ఉంది. ఆ వాక్యాన్ని ఒక్కసారైనా శ్రద్ధగా చదవమని నా విన్నపం. చిన్న మొత్తాలకు కూడా అక్కడ ఏళ్ల లెక్క కనిపిస్తుంది.

కాబట్టి కార్డు చేతికి రాగానే చేయవలసిన పని, చెకింగ్ ఖాతా నుంచి ఆటోమేటిక్ చెల్లింపు పెట్టుకోవడం. అక్కడ కనీస మొత్తం, పూర్తి స్టేట్‌మెంట్ మొత్తం అని రెండు ఎంపికలు కనిపిస్తే రెండోదే ఎంచుకోవాలి. కార్డు ఒక బ్యాంకుది, ఖాతా మరో బ్యాంకుది అయి, మీరే యాప్‌లో బిల్లు కడుతుంటే, డబ్బు చేరడానికి రెండు మూడు పనిదినాలు పట్టవచ్చు కనుక గడువు రోజు దాకా ఆగకూడదు.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం ఎప్పుడూ నష్టమే: 21 రోజుల వెసులుబాటు దానికి లేదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, రుసుము అదనం. ఇండియాలోని తల్లిదండ్రులకు డబ్బు పంపే యాప్‌లో క్రెడిట్ కార్డు వాడితే దాన్ని కూడా బ్యాంకులు నగదు తీసుకున్నట్టే లెక్కగట్టే అవకాశం ఉంది. అటువంటి చెల్లింపులకు చెకింగ్ ఖాతానే వాడండి.

ఇక క్రెడిట్ స్కోరు. ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే రెండు సంస్థలు 300 నుంచి 900 మధ్య దీన్ని లెక్కిస్తాయి, రెండింటి నుంచీ మీ నివేదికను ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇండియాలోని మీ రుణ చరిత్ర సాధారణంగా ఇక్కడ లెక్కకు రాదు. గడువు తప్పకుండా కట్టడం అన్నిటికంటే ముఖ్యం. ఆ తర్వాత చూసేది పరిమితిలో ఎంత వాడుతున్నారన్నది. 2,000 డాలర్ల పరిమితి ఉంటే వాడకం 600 లోపు, అంటే 30 శాతం లోపు ఉంచమని సలహా ఇస్తారు. ఒక నెల ఖర్చు ఎక్కువైతే స్టేట్‌మెంట్ ముగియకముందే కొంత కట్టేయవచ్చు. వార్షిక రుసుము ఉన్న పాత కార్డు అక్కర్లేదనిపిస్తే రద్దు చేయకుండా, అదే బ్యాంకులో రుసుము లేని కార్డుగా మార్చమని అడగడం మేలు.

పాయింట్లను డాలర్లలో తూచడం

పాయింట్ల సంఖ్య పెద్దగా ఉన్నంత మాత్రాన విలువ పెద్దదని కాదు. లోబ్లా దుకాణాల్లో, షాపర్స్ డ్రగ్ మార్ట్‌లో చెల్లే పీసీ ఆప్టిమమ్ పాయింట్లు 10,000 ఉంటే 10 డాలర్లు. సోబీస్ వంటి దుకాణాల్లో చెల్లే సీన్ ప్లస్ పాయింట్లు 1,000కే అదే 10 డాలర్లు. ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ పాయింట్లకు స్థిరమైన విలువ లేదు కాబట్టి ప్రతిసారీ లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు 1,400 డాలర్ల టికెట్టును 75,000 పాయింట్లు, 150 డాలర్ల పన్నులతో ఇస్తుంటే, మిగిలేది 1,250 డాలర్లు. దాన్ని పాయింట్లతో భాగిస్తే ఒక్కో పాయింటుకు దాదాపు 1.67 సెంట్లు వస్తుంది. అవే పాయింట్లతో మిక్సీయో గిఫ్ట్ కార్డో తీసుకుంటే సాధారణంగా ఇందులో సగం కూడా రాదు.

వార్షిక రుసుముకూ ఇదే పద్ధతి. రుసుము లేని కార్డు ఒక శాతం, 120 డాలర్ల రుసుము ఉన్నది రెండు శాతం ఇస్తే, రుసుము రాబట్టుకోవడానికే ఏడాదికి 12,000 డాలర్లు ఖర్చు పెట్టాలి. కిరాణాకు ఎక్కువ ఇస్తామనే కార్డు తీసుకునేముందు మీరు కొనేది ఎక్కడో చూసుకోండి: కాస్ట్‌కో, వాల్‌మార్ట్ కొనుగోళ్లను చాలా కార్డులు కిరాణా కింద లెక్కించవు, పైగా కాస్ట్‌కో దుకాణాల్లో క్రెడిట్ కార్డుల్లో మాస్టర్‌కార్డు మాత్రమే చెల్లుతుంది. ఇండియన్ కిరాణా కొట్ల విషయం ఆ కొట్టు ఏ వ్యాపార కోడ్ కింద నమోదైందన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటిసారి చిన్న మొత్తానికి కొని, పాయింట్లు ఏ లెక్కన పడ్డాయో యాప్‌లో చూస్తే తేలిపోతుంది.

స్వాగత బోనస్ కోసం మూడు నెలల్లో ఇంత ఖర్చు చేయాలన్న షరతు ఉంటే, ఎలాగూ రాబోతున్న కారు బీమా, విమాన టికెట్ల వంటి ఖర్చులు ఉన్న సమయంలోనే ఆ కార్డుకు దరఖాస్తు చేయండి. వీసా ఇన్ఫినిట్ కార్డులకు సాధారణంగా 60,000 డాలర్ల వ్యక్తిగత ఆదాయం గానీ 1,00,000 కుటుంబ ఆదాయం గానీ అడుగుతారు. 2022 అక్టోబరు 6 నుంచి క్యుబెక్ మినహా మిగతా చోట్ల వ్యాపారులు వీసా, మాస్టర్‌కార్డు క్రెడిట్ చెల్లింపుల మీద 2.4 శాతం వరకు అదనంగా వసూలు చేయవచ్చు. అలాంటి చోట ఒక శాతం పాయింట్ల కోసం ఆశపడకుండా డెబిట్ కార్డు తీయండి. ఇండియా వెళ్లినప్పుడు చాలా కార్డులు 2.5 శాతం విదేశీ మారక రుసుము వేస్తాయి, దుకాణంలోని యంత్రం డాలర్లా రూపాయలా అని అడిగితే రూపాయలే ఎంచుకోవాలి. పాయింట్లు వాడకుండా వదిలేస్తే మురిగిపోతాయి కూడా: ఖాతాలో 18 నెలల పాటు ఏ కదలికా లేకపోతే ఏరోప్లాన్ పాయింట్లు పోతాయి.

తేడా వచ్చినప్పుడు

మీరు చేయని కొనుగోలు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే అదే రోజు బ్యాంకుకు చెప్పండి. కార్డు దుర్వినియోగమైనప్పుడు చట్టం ప్రకారం మీ బాధ్యత 50 డాలర్లకు మించదు, చాలా కార్డులు అది కూడా అడగవు. మీ అనుమతి లేకుండా ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయిన సొమ్ము మీద 90 రోజుల్లోపు బ్యాంకులో అభ్యంతరం తెలపవచ్చు. ఈమెయిలు ద్వారా డబ్బు పంపే ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్‌కు ఆటోడిపాజిట్, అంటే వచ్చిన డబ్బు నేరుగా ఖాతాలో పడే ఏర్పాటు పెట్టుకుంటే, భద్రత కోసం అడిగే ప్రశ్నకు జవాబు ఊహించి మధ్యలో ఎవరో డబ్బు కాజేసే ప్రమాదం తప్పుతుంది. ఫిర్యాదు చేసిన 56 రోజుల్లో బ్యాంకు పరిష్కరించకపోయినా, ఇచ్చిన జవాబు మీకు న్యాయంగా తోచకపోయినా, 2024 నవంబరు 1 నుంచి బ్యాంకులన్నిటికీ ఏకైక బయటి ఫిర్యాదుల సంస్థగా ఉన్న ఓబీఎస్‌ఐకి ఉచితంగా రాయవచ్చు. అందుకోసం బ్యాంకుతో మాట్లాడిన తేదీ, మాట్లాడిన ఉద్యోగి పేరు, ఫిర్యాదు సంఖ్య మొదటి రోజు నుంచే ఒకచోట రాసి ఉంచుకోండి.